ఎడమవైపు వెనక చక్రం

"చప్పుడు బండిలో లేదు, నీ చెవుల్లో ఉంది" అన్నాడు భర్త, పేపరు మీంచి తల ఎత్తకుండానే.

ఆమె సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతోంది. కారు వెనకవైపు నుంచి ఏదో చప్పుడు వస్తోందని చెప్పడం ఆ నెలలో అది మూడోసారి. మొదటిసారి "పాత బండికి ఆ మాత్రం ఉండదా?" అన్నాడు. రెండోసారి "డిక్కీ నిండా నీ సామానే కదా, మోగక ఏం చేస్తుంది?" అన్నాడు. ఇప్పుడు చప్పుడు బండిని వదిలేసి ఏకంగా ఆమె చెవుల్లోకే వచ్చి కూర్చుంది. నాలుగోసారి చెబితే అది తన బుర్రలోకి ఎక్కుతుందేమోనని అనుకుని, నవ్వు వచ్చి, ఆ నవ్వుని సబ్బునీళ్లలో కలిపేసింది.

పదకొండేళ్ల బూడిదరంగు కారు అది. భర్త బీమా ఆఫీసుకి ఆఫీసు బస్సులోనే వెళ్తాడు. ఆదివారం మాత్రం స్టీరింగు ముందు ఆయన కూర్చోవాలి, ఆమె పక్కకి జరగాలి. మిగతా ఆరు రోజులూ కారు ఆమెతోనే తిరుగుతుంది. తుంటి ఎముక ఆపరేషనయ్యాక అత్తగారిని వారానికి మూడు రోజులు కసరత్తులు చేయించే చోటికి తీసుకెళ్లాలి, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి పరుగెత్తాలి, సాయంత్రం కూరగాయలు, మందులు, ఇస్త్రీ బట్టలు, కూతురి ట్యూషను. గాలి పట్టించేది, అద్దాలు తుడిచేది ఆమె. బండి ఎవరిదీ అంటే ఆయనది, బండి పని ఎవరిదీ అంటే ఆమెది. ఇల్లు కూడా అంతే కదా అనిపించేది అప్పుడప్పుడూ, ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు. పచ్చలైటు పడగానే ఆ ఆలోచన అక్కడే దిగిపోయేది.

చప్పుళ్ల సంగతి ఆమెకి బొత్తిగా తెలియనిదేం కాదు. ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ఆఖరి బల్ల ఆమెదే. అట్టపెట్టెలోకి వెళ్లేముందు ప్రతి ఫ్యానునీ ఒక్క నిమిషం తిప్పి, చెవి ఒగ్గి, బాగుంటే ఇటు, బాగాలేకపోతే అటు పెట్టాలి. గుర్తింపు కార్డు మీద మాత్రం ఆమె పని "ప్యాకింగ్" అనే ఉంటుంది. "మా సెక్షన్లో ఆడవాళ్లకి పాము చెవులండీ" అని సూపర్‌వైజరు పైవాళ్ల దగ్గర జోకు వేస్తాడు. వాళ్లు నవ్వుతారు. ఆమె పక్కకి తీసిపెట్టిన ఫ్యాన్ల కాగితం మీద ఆయన సంతకం చేస్తాడు. ఇంట్లోనైతే అది "ఫ్యాన్లు తిప్పే ఉద్యోగం". ఓసారి బంధువుల ముందు భర్తే అన్నాడు, "మా ఆవిడ గాలికి జీతం తీసుకుంటుంది" అని. అందరితోపాటు ఆమే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని తర్వాత వారం రోజులు తనని తనే తిట్టుకుంది.

గిన్నెలు కడగడం అయ్యాక కిందికి వెళ్లి డిక్కీ తెరిచింది. మాటకి మాట ఎందుకు, ఆయన అన్నదే ముందు తేల్చేద్దామనుకుంది. ఊచ విరిగిన గొడుగు, కూతురి ఆట బ్యాట్లు, ఖాళీ నీళ్ల డబ్బా, అత్తగారి పాత చేతికర్ర, ఎవరికో తిరిగి ఇవ్వాల్సిన స్టీలు గిన్నె. ఒక్కొక్కటీ తీసి మెట్ల కింద పెట్టింది. జాకీకి పాత తువ్వాలు చుట్టి మూలకి దోపింది. స్టెప్నీ బోల్టు వదులుగా ఉంటే బిగించింది. మర్నాడు బండి తీస్తే గలగల పోయింది. ఆయన అన్నదాంట్లో సగం నిజమే మరి. కానీ ఆ గలగల పోయాక, దాని కింద ఇన్నాళ్లూ దాక్కున్నది బయటపడింది. సన్నటి మూలుగు. నలభై వేగం దాకా ఏమీ ఉండదు. నలభై దాటగానే ఎక్కడో కింద ఇసుక నములుతున్నట్టు "గుర్ర్" మని మొదలై, యాభైకి గొంతు పెంచి, బ్రేకు వేస్తే గొణుక్కుంటూ సద్దుమణిగేది.

అది విన్నాక ఊరుకోలేకపోయింది. ఒక బుధవారం సెలవు పెట్టి, అద్దాల గోడలున్న పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లింది. కౌంటరు దగ్గరి మనిషి టై సర్దుకుంటూ, "ఎలాంటి నాయిస్ మేడమ్?" అని అడిగాడు. ఆమె చెప్పింది: ఎంత వేగంలో మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో, ఎలా ఉంటుందో. ఆ మనిషి కంప్యూటరులో చాలాసేపు టైపు చేశాడు. ఇంత శ్రద్ధగా రాసుకుంటున్నాడే అని సంతోషపడింది. చేతికొచ్చిన కాగితంలో "నాయిస్ ఉందని మేడమ్ అంటున్నారు" అని ఒక్క ముక్కే ఉంది. సాయంత్రం కారు శుభ్రంగా కడిగి తెచ్చి అప్పగించారు. లోపల ఏదో పూల వాసన కూడా కొట్టారు. "మాకేం దొరకలేదు మేడమ్. ఈసారి వచ్చేటప్పుడు సార్‌ని తీసుకురండి, సార్ చెబితే ఇష్యూ క్లియర్‌గా అర్థమవుతుంది" అన్నాడు టై మనిషి, ఎంతో మర్యాదగా.

మర్యాదగా అన్నందువల్లే ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. ప్రసవం నాడు నొప్పులు మొదలయ్యాయంటే "ఇంకా టైముందమ్మా" అన్న నర్సు, "ఆవిడ కొంచెం గాభరా మనిషి" అని డాక్టరుకి తన తరఫున చెప్పిన భర్త, నడుం నొప్పి అంటే "ఈ వయసులో అందరికీ ఉండేదే" అన్న ఆడపడుచు, పూల వాసన నిండిన ఆ కారులో వీళ్లంతా ఎక్కి కూర్చున్నట్టనిపించింది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఒక్కరూ తనని కొట్టలేదు, తిట్టలేదు. కాకపోతే తను చెప్పిందాన్ని ఎప్పుడూ ఇంకొకరు ఖాయం చేయాలి. తన ఒంట్లో నొప్పికి కూడా ఇంకొకరి సాక్ష్యం కావాలి. వాళ్లందరినీ మోసుకుంటూ నడుపుతుంటే, పాపం, వెనక చక్రం ఇంకాస్త ఎక్కువే మూలిగింది.

ఆ మర్నాడు అత్తగారిని దింపి వస్తూ, నాలుగు రోడ్ల కూడలిలోని గుండ్రటి పార్కు చుట్టూ కుడికి మూడు చుట్లు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ మూలుగు పెరిగింది. తర్వాత ఎడమ సందులోకి తిప్పితే దాదాపు ఆగిపోయింది. ట్రాఫిక్ పోలీసు ఆమెని వింతగా చూశాడు. దారి తప్పిన మనిషి అనుకుని "ఎటెళ్లాలమ్మా?" అని కేకేశాడు కూడా. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. బరువు పడ్డప్పుడు ఏడుస్తోంది, దించినప్పుడు ఊరుకుంటోంది. అత్తగారు ఎడమవైపు వెనక సీట్లో, ఆపరేషనైన కాలు చాపుకుని కూర్చున్న రోజుల్లో చప్పుడు ఎక్కువగా ఉండేదన్నదీ అప్పుడే తట్టింది. వెనక చక్రం, ఎడమవైపు, బేరింగు. కసరత్తుల చీటీ వెనక రాసుకుంది, ఎవరికి చూపించాలో తెలియకపోయినా.

అత్తగారికి చెప్పాలని మాత్రం అనిపించలేదు. ఆవిడ కారులో అసలు మాట్లాడరు. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్లు గట్టిగా మూసుకుని, కిటికీ పైనున్న పిడి పట్టుకుని కూర్చుంటారు. తన డ్రైవింగు మీద ఆవిడకి నమ్మకం లేదని, చెప్పడానికి మొహమాటపడి కళ్లు మూసుకుంటున్నారని కోడలు ఎప్పుడో తీర్మానించేసుకుంది.

శుక్రవారం సాయంత్రం భర్త హాల్లో కూర్చుని కూతురికి ప్రయాణం వివరిస్తున్నాడు. ఆదివారం పొద్దున బయల్దేరితే నాలుగు గంటల్లో కాలేజీకి చేరుకోవచ్చు, పదకొండింటికి ఇంటర్వ్యూ. హైవే బాగుంది, తొంభైలో లాగించేయొచ్చు. "మీ అమ్మ ఇంట్లో నానమ్మని చూసుకుంటుంది. మనిద్దరం చాలు."

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేపు బండి మెకానిక్కి చూపిస్తాను. బాగయ్యేదాకా అది హైవే ఎక్కదు."

"మళ్లీ మొదలెట్టావా? మొన్నేగా చూపించావు. ఏమీ లేదన్నారు కదా!"

"వాళ్లు చూడలేదు, కడిగారు. వెనక ఎడమ చక్రం బేరింగు పోయింది."

భర్త నవ్వాడు. అందులో కోపం లేదు, ముద్దు చేస్తున్నట్టుంది. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. "అది ఫ్యాను కాదోయ్, కారు. చక్రాల మీద నడిచేది."

"తెలుసు. రోజూ నేనే నడుపుతున్నాను."

"మా నాన్న వ్యాను తోలి మమ్మల్ని పెంచాడు. బండ్ల గురించి ఈ ఇంట్లో నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు" అన్నాడు. ఈసారి నవ్వు లేదు.

కూతురు తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూసింది. టీవీలో ఎవరో వార్తలు చదువుకుపోతున్నారు. అప్పుడు కిటికీ పక్క కుర్చీలోంచి అత్తగారు రెండు చేతులూ ఆనించుకుని మెల్లగా లేచి నిలబడ్డారు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, కొడుకు మాటకి ఎదురు చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"నాకూ వినిపిస్తోందిరా" అన్నారు. "నెల రోజుల్నుంచీ వినిపిస్తోంది. కోడలు చెప్పిన చోటే."

"నీకేం తెలుస్తుందమ్మా?"

"నేను కూర్చునేది దాని మీదే. నాకు కాక నీకు తెలుస్తుందా?" అన్నారావిడ. "రేపు నేనూ తనతో వెళ్తాను."

ఆమె ఆ మాట ఒంటరిగా వంటింట్లోకి తీసుకెళ్లింది. స్టవ్ ముందు నిలబడి, ఏం వండాలో మరిచిపోయింది. ఇరవై ఏళ్లలో "నాకూ" అని తన పక్కన నిలబడ్డ మొదటి మాట అది. ఎంత చిన్న మాట! ఏడుపు వస్తుందేమో అనుకుంది కానీ రాలేదు, బాగా ఆకలేసింది.

ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒక రేకుల షెడ్డు ఉంది. దాని యజమానిని వీధంతా "డాక్టరు" అంటారు, పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడని. అరవై దాటిన మనిషి, కనుబొమలు కూడా నెరిశాయి. శనివారం పొద్దున అతని ముందు కారు ఆపి, అలవాటు కొద్దీ, "వెనక ఏదో చప్పుడు... అంటే నాకు అనిపిస్తోంది..." అంది.

"అనిపించడం కాదమ్మా, వినిపించింది చెప్పండి" అన్నాడు డాక్టరు. "రోజూ నడిపేది మీరేనా?"

"నేనే."

"అయితే నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. మొదట్నించీ చెప్పండి." అని ఒక స్టూలు తెచ్చి అత్తగారికి వేసి, తను బంపరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఆమె చీటీ తీసి చదివింది. నలభై దగ్గర మొదలు, బ్రేకు వేస్తే తగ్గు, కుడికి హెచ్చు, ఎడమకి మాయం. మధ్యలో అతను రెండే ప్రశ్నలు అడిగాడు: గతుకులో పడ్డప్పుడు కొట్టుకున్నట్టు ఉందా, క్లచ్ నొక్కి బండిని దాని ఊపున వదిలేస్తే చప్పుడు మారుతోందా అని. లేదని చెప్పింది. "ఆ రెండూ కాకపోతే ఇంకేముంది? ఎడం బేరింగు. నేను చెప్పాల్సింది మీరే చెప్పేశారు. అయినా చూద్దాం, దానికీ ఒక మాట అడగాలి కదా" అన్నాడు.

జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. స్క్రూడ్రైవరు ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఆమె ఊహించని పని చేశాడు. స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చి, "మీరూ వినండి" అన్నాడు. నేల మీద మోకాళ్లూని, చీరకి గ్రీజు అంటుతోందని చూసుకోకుండా, పిడిని చెవికి ఆనించుకుంది. అదే! నెల రోజులుగా వెంట తిరిగిన ఇసుక నమిలే చప్పుడు, ఇప్పుడు ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా. కుడి చక్రానికి ఆనించి వింటే పిల్లిలా మెత్తగా తిరుగుతోంది. మళ్లీ ఎడమది వింది. మళ్లీ కుడిది. సంతోషం పట్టలేక, "అత్తయ్యా, మీరూ వింటారా?" అని అరిచింది. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

గంట తర్వాత డాక్టరు పాత బేరింగుని బయటికి తీసి, గుడ్డ మీద పెట్టి చూపించాడు. వేడికి నీలంగా మాడిపోయి ఉంది. లోపలి ఉక్కు గుండ్ల మీద మశూచి మచ్చల్లా గుంటలు.

"ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏడుస్తూనే ఉంటుందమ్మా. హైవే మీద వేడెక్కి బిగుసుకుపోయిందనుకోండి, చక్రం ఆగిపోతుంది, బండి ఆగదు. మంచి పని చేశారు, తెచ్చారు."

ఆమె గుడ్డ మీది ఆ ముక్కని వేలితో తిప్పి చూసింది. రేపు పొద్దున ఆ బండిలో, తొంభై వేగంలో, కూతురు. పక్కన ఆయన, అద్దం దించుకుని పాటలు వింటూ. ఇద్దరూ క్షేమంగా ఇంట్లో కూర్చుని ఉన్నారీ నిమిషాన. ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత ముంచుకొచ్చింది. డాక్టరుకి, స్క్రూడ్రైవరుకి, ట్రాఫిక్ పోలీసు తనని ఆపి దింపేయనందుకు, అన్నిటికన్నా తన రెండు చెవులకి. వెనక్కి తిరిగితే అత్తగారు స్టూలు మీద ముందుకి వంగి, ఆ నీలంరంగు ఇనపముక్క వంకే చూస్తున్నారు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"అత్తయ్యా! ఏమైంది? కాలు నొప్పా?"

"మీ మామగారి వ్యాను కూడా ఇలాగే మూలిగేది" అన్నారావిడ.

మామగారు ఆమె కాపురానికి రాకముందే పోయారు. రోడ్డు మీద వ్యాను బోల్తా పడిందని, అప్పటికి భర్తకి పదకొండేళ్లని, అంతవరకే ఆమెకి తెలుసు. విధి అంటారు ఇంట్లో. అంతకు మించి ఎవరూ ఏమీ అనరు.

"చనిపోవడానికి నాలుగు రోజుల ముందు ఆయనతో మా అక్కగారింటికి వెళ్లాను. వెనకాల కూర్చున్నా, సామాను మధ్యలో. నా కిందే చప్పుడు. ఇదిగో, ఇదే చప్పుడు. ఏవండీ, చక్రంలో ఏదో అరుస్తోందండీ అన్నాను. నువ్వు వంట చూసుకో, చక్రం నేను చూసుకుంటానన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఆవిడ కొంగుతో చెంపలు తుడుచుకున్నారు. "మళ్లీ చెప్పలేదు. ఒక్కసారే చెప్పాను తల్లీ. అదే చక్రం ఊడిపోయింది."

"ఎవరికీ చెప్పలేదా అత్తయ్యా? ఇన్నేళ్లూ?"

"ఎవరికి చెప్పను? ముందే అన్నానని తెలిస్తే నా నోటి మూలంగానే పోయాడంటారు. వాళ్లనకపోయినా నేనే అనుకునేదాన్ని. నీ బండిలో ఎక్కినప్పుడల్లా కళ్లు మూసుకుని అదే వినేదాన్ని. చెబుదామంటే నోరు పెగిలేది కాదు, మళ్లీ నా నోటితో అంటే ఏమవుతుందోనని. ఈలోగా నువ్వే చెప్పావు. వాడు కొట్టిపారేశాడు. రెండోసారి చెప్పావు, మూడోసారి చెప్పావు. నా గదిలో కూర్చుని వింటూ, ఆపకు తల్లీ, ఆపకు అని లోపల్లోపలే నీకు దణ్ణం పెట్టుకునేదాన్ని."

ఆమె గ్రీజు చేతులతోనే ఆవిడ చేతులు పట్టుకుంది. ఆ కళ్లు మూసుకోవడం తన మీద అపనమ్మకం అనుకుని ఎన్ని రోజులు ముఖం ముడుచుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది. షెడ్డు మూల పంపు దగ్గర డాక్టరు చేతులు కడుక్కుంటూ, అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు కడుక్కుంటూ, అటు తిరిగి నిలబడ్డాడు. అలా పక్కకి తిరిగినందుకు కూడా ఆమె అతనికి రుణపడింది.

ఫోను మోగింది. భర్త.

"ఇంకా ఎంతసేపు? ఆ మెకానిక్కి ఓసారి ఫోనియ్యి, నేను మాట్లాడతాను."

ఇచ్చింది. డాక్టరు తడిచేత్తో ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు. "లేదు సార్, ఆవిడ కరెక్టుగానే చెప్పారు... ఎడం వెనక చక్రమే... నేను వెతకలేదు సార్, ఆవిడే వెతికి తెచ్చారు. నేను విప్పాను, అంతే... రేపు వెళ్లుంటే? ఎందుకు సార్ ఆ మాట ఇప్పుడు!" ఫోను తిరిగి ఆమెకి ఇచ్చేశాడు.

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత, "మంచిదే అయింది" అన్నాడు భర్త. "నేను... వినాల్సింది." వెంటనే మాట మార్చాడు. "వంట చేసే వెళ్లావా?"

ఆమెకి నవ్వొచ్చింది. ఈసారి దాచుకోలేదు. "చేయలేదు. మీరూ అమ్మాయీ కలిసి ఏదో ఒకటి చేసుకోండి. రేపు బండి నేను నడుపుతాను."

"నాలుగు గంటలు నడపగలవా?"

"నడుపుతాను" అని ఫోను పెట్టేసింది. అడగలేదు, బతిమాలలేదు, కోపంగా కూడా అనలేదు. అంత తేలిగ్గా వచ్చిన మాటని ఇన్నేళ్లూ ఎందుకు మోసిందో అర్థం కాలేదు.

కొత్త బేరింగు పడింది. డాక్టరు ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. "మీ చెవి ఒప్పుకుంటేనే నా పని అయినట్టు" అన్నాడు. అత్తగారు ఈసారి ముందు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె సీటు వెనక్కి జరిపి, కాలు చాపుకునే చోటు చేసి, మెల్లగా కూర్చోబెట్టింది. వీధి దాటి పెద్ద రోడ్డెక్కి నలభై, యాభై, అరవై. ఏమీ లేదు. గాలి చప్పుడు, టైర్లు రోడ్డుని నాకుతున్న మెత్తని చప్పుడు, అంతే. కారు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మరిచేపోయింది.

"వాడికి చెప్పాలి" అన్నారు అత్తగారు, ఉన్నట్టుండి. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. "వాళ్ల నాన్న చాలా బాగా నడిపేవాడని అనుకుంటాడు. నిజమే, బాగానే నడిపేవారు. నా మాట విననిదొక్కటే తప్పు. అది కూడా వాడికి తెలియాలి."

"ఎప్పుడు చెబుతారు?"

"ఈ రోజే. కానీ ఎప్పుడూ చెప్పలేదు కదే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు నీకు మొత్తం చెప్పి చూసుకుంటాను. నువ్వయితే మధ్యలో అడ్డు రావు."

ఇంటికెళ్లే మలుపు వచ్చింది. ఆమె ఇండికేటరు వేయలేదు, వేగం తగ్గించలేదు. బండిని నేరుగా పోనిస్తూ, "చెప్పండి అత్తయ్యా, వింటున్నాను" అంది.